వినడమే క్షమించడం

ఈ సినిమాలో పేర్లు పడేది మొదలైన నలభై నిమిషాలకు. ఆ లోపల ఒక కాపురం మొత్తం మన కళ్లముందు గడిచిపోతుంది. బిడ్డ పోయిన దుఃఖం, ఆ దుఃఖం మీద నిలబెట్టుకున్న దాంపత్యం, అందులో ఒక ద్రోహం, ద్రోహం మీద కప్పిన మౌనం, చివరికి భార్య చావు. ఇంకో దర్శకుడికైతే ఇది సినిమా అంతటికీ చాలే సరుకు. ర్యూసుకె హమగుచి ఇదంతా అయ్యాక, రహదారి మీద ఎర్ర కారొకటి సాగిపోతుండగా, తాపీగా నటీనటుల పేర్లు వేయిస్తాడు. ఇంతవరకూ చదివింది ముందుమాట, కథ ఇప్పుడు మొదలు అన్నట్టు. ‘డ్రైవ్ మై కార్’ (2021)లో ఆ పేర్లు పడే చోట నాకు ఒళ్లు జలదరిస్తుంది. చావు దగ్గర కథ ముగియదని, బతికున్నవాడి కథ అక్కడే మొదలవుతుందని ఇంత నిబ్బరంగా చెప్పిన సినిమా ఇంకోటి నేనెరగను.

యూసుకె కఫుకు రంగస్థల నటుడు, దర్శకుడు. భార్య ఒతో ఒకప్పటి నటి, ఇప్పుడు టీవీ రచయిత్రి. నాలుగేళ్ల కూతురు న్యుమోనియాతో పోయింది. ఆ తరవాత ఒతోకు ఒక వింత అలవాటు పట్టుకుంది. భర్తతో కలిసిన రాత్రి, ఆ మైకంలో, ఆమె నోట కథలు పుట్టుకొస్తాయి. తెల్లారేసరికి చెప్పిందేదీ ఆమెకు సరిగా గుర్తుండదు. అతనే గుర్తుపెట్టుకుని మర్నాడు ఆ కథను ఆమెకు తిరిగి అప్పజెబుతాడు, ఆమె రాసుకుంటుంది. బిడ్డ లేని ఇంట్లో ఆలుమగలిద్దరూ కలిసి కథల్ని కంటున్నారు. తొలి దృశ్యంలోనే కిటికీ అవతల తెల్లవారుజాము వెలుగు, ఇవతల ముఖం తెలియని ఆమె నీడ, ఆ నీడలోంచి ఒక బడిపిల్ల కథ. మనసుపడ్డ కుర్రాడి ఇంట్లోకి, ఎవరూ లేని వేళ చూసి, ఆ పిల్ల దొంగతనంగా వెళ్తుంటుంది. ఏదో ఒక చిన్న వస్తువు తీసుకుంటుంది, తనదొకటి అక్కడ వదిలి వస్తుంది. ఈ కథ ముగింపు కఫుకుకు తెలియదు. మనకూ చాలాసేపు తెలియదు.

ఒకరోజు వ్లాదివొస్తోక్ వెళ్లాల్సిన విమానం ఆగిపోయి అతను ఇంటికి తిరిగొస్తాడు. లోపల రికార్డు మీద సంగీతం తిరుగుతోంది. అద్దంలో భార్య, ఇంకో మగవాడి కౌగిట్లో. కఫుకు అరవడు. వచ్చినంత నెమ్మదిగానే వెనక్కి నడిచి, తలుపు దగ్గరేసి, హోటల్లో గది తీసుకుని, వ్లాదివొస్తోక్ చేరుకున్నట్టే భార్యతో వీడియోలో మాట్లాడతాడు. మనకు అలవాటైన సినిమాల్లో ఇలాంటి చోట అద్దమైనా పగలాలి, చెంపైనా పగలాలి. ఇక్కడ పగిలింది ఏదీ పైకి కనపడదు. అతని ఓర్పును పెద్దమనిషి తరహా అని మెచ్చుకోబోతాం కూడా. అందులో ప్రేమ పాలెంత, పిరికితనం పాలెంత అన్నది తేల్చుకోవడానికి అతనికి రెండేళ్లకు పైనే పడుతుంది.

తరవాత ఒక ఉదయం. అతను బయలుదేరుతుంటే, సాయంత్రం కాస్త మాట్లాడాలి అంటుంది ఒతో. ఆ మాట పడ్డాక అతను పనేమీ లేకపోయినా పొద్దుపోయేదాకా కారులో తిరుగుతాడు. ఇల్లు చేరితే వినాల్సి వస్తుంది. విన్నాక ఇద్దరూ మునుపటిలా ఉండలేరు. అందుకని తిరుగుతాడు. చీకటిపడ్డాక తలుపు తీసేసరికి ఆమె నేలమీద పడివుంది. మెదడులో రక్తస్రావం. చెప్పదలచుకున్న మాట ఆమెతోనే పోయింది. ఈ కథలో భార్య చేసినదానికంటే పెద్ద నేరం భర్త ఆ సాయంత్రం వినకపోవడం. 179 నిమిషాల సినిమాలో మిగిలినదంతా ఆ ఒక్క సాయంత్రానికి ప్రాయశ్చిత్తం.

మూలం హరుకి మురకామి చిన్న కథ. 2014లో జపాన్‌లో వచ్చిన ‘మెన్ వితౌట్ విమెన్’ సంపుటిలోది. హమగుచి, తకమాసా ఓయే కలిసి రాసిన స్క్రీన్‌ప్లేలో అదే సంపుటిలోని మరి రెండు కథలు, ‘షెహరజాద్’, ‘కినో’ల దారాలు కూడా అల్లుకున్నాయి. మురకామి కథలో కారు పసుపు రంగు సాబ్, పైకప్పు తెరుచుకునే రకం. సినిమాలో ఎర్ర సాబ్ 900, గట్టి కప్పున్నది. ఆ కప్పు చేసిన మేలు ఇంతా అంతా కాదు. కారు ఒక గది అయింది. ఇద్దరు మనుషులు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోకుండా, ఒకే దిక్కు చూస్తూ మాట్లాడుకోగల గది. ఎదురెదురుగా కూర్చుంటే గొంతులో ఆగిపోయే మాటలు, ముందు అద్దంలోంచి దారి వెనక్కి జారిపోతుంటే వాటంతటవే బయటికొస్తాయి. ఒకనాడు వినకుండా తప్పించుకోవడానికి వాడుకున్న కారులోనే ఈ మనిషి వినడం నేర్చుకుంటాడు. సినిమా కట్టుబడి అంతా ఈ ఒక్క మలుపు మీద నిలిచింది.

రెండేళ్ల తరవాత కఫుకు హిరోషిమాలో ఒక నాటకోత్సవానికి చెహోవ్ ‘అంకుల్ వాన్యా’ ఆడించడానికి వెళ్తాడు. గతంలో జరిగిన ఒక ప్రమాదం వల్ల, అతిథులు తమ కారు తాము నడపకూడదని నిర్వాహకులు నియమం పెట్టారు. డ్రైవర్‌గా వచ్చింది మిసాకి అనే ఇరవై మూడేళ్ల అమ్మాయి. చెంప మీద మచ్చ, పొదుపైన మాట, బిగించుకున్న ముఖం. కఫుకు కూతురు బతికుంటే ఆమెకూ అదే వయసు. ఆ సంగతి ఇద్దరూ చాలా తరవాత, చాలా మామూలుగా అనుకుంటారు. సినిమా దాన్ని పట్టుకుని మన చేత కన్నీళ్లు పెట్టించే పని చేయదు.

మిసాకి బండి నడిపితే నిండుకుండను తొణక్కుండా తెచ్చినట్టుంటుంది. ఆ నేర్పు ఎక్కడిదో తరవాత తెలుస్తుంది. ఇంకా బడికెళ్లే వయసులోనే, రాత్రి పనికి వెళ్లే తల్లిని స్టేషన్‌కు దింపి తీసుకొచ్చేది. వెనక నిద్రపోతున్న తల్లికి కుదుపు తగిలితే తన్నులు పడేవి. మనం కళ్లప్పగించి చూసిన ఆ మెత్తదనం వెనక ఒక చిన్నపిల్ల భయం ఉందన్నమాట. ఎవరిలోనైనా మనం మెచ్చుకునే నేర్పు ఏ దెబ్బ తిని నేర్చుకున్నదో అడిగి తెలుసుకోమని ఈ సినిమా చెప్పకనే చెబుతుంది.

కారులో ఒక క్యాసెట్ తిరుగుతుంటుంది. ‘అంకుల్ వాన్యా’లో మిగతా పాత్రల మాటలన్నీ ఒతో చదివి రికార్డు చేసిపెట్టింది, వాన్యా మాటలున్న చోట మాత్రం ఖాళీ వదిలి. ఆ ఖాళీల్లో కఫుకు తన వంతు పలుకుతాడు. పోయిన భార్య అడుగుతుంది, భర్త జవాబిస్తాడు. బతికుండగా మాట్లాడుకోని దంపతులకు చెహోవ్ ఎప్పుడో 1897లోనే సంభాషణ అచ్చువేసి పెట్టాడు. బావగారి పెద్దరికం కోసం బతుకంతా ధారపోసి, చివరికి అది వట్టి డొల్ల అని తెలిసి కుమిలిపోయే వాన్యా. ఆశ లేకపోయినా పని మానని మేనకోడలు సోన్యా. మాస్కోలో అచ్చయి వచ్చిన తెలుగు పుస్తకాలతో చెహోవ్‌ను ఇంటిమనిషిని చేసుకున్న మన పాఠకులకు ఈ బాధ కొత్తది కాదు. కొత్తదల్లా ఆ మాటలు క్యాసెట్లోంచి, ఒక ఆడమనిషి నిర్వికారమైన గొంతులో, హిరోషిమా వంతెనల మీదుగా వినపడటం. ఒక్కోసారి ఆ నాటకం అతన్నే ఉద్దేశించి రాసినట్టుంటుంది. ఆ ఎర్ర కారు అతన్ని ఎక్కడికి తీసుకెళ్తోందో అతనికంటే ముందు ఆ గొంతుకు తెలుసనిపిస్తుంది.

హమగుచి వినడాన్ని ఇంతగా ఎందుకు కొలుస్తాడో అతని వెనకటి సినిమాల్లో తెలుస్తుంది. 2011 మార్చిలో భూకంపం, సునామీ ఈశాన్య జపాన్‌ను ఊడ్చేశాక, అతను సహదర్శకుడు కో సకాయ్‌తో కలిసి అక్కడికి వెళ్లి, బతికి బయటపడ్డవాళ్లను కెమెరా ముందు కూర్చోబెట్టి మాట్లాడించాడు. ఆ డాక్యుమెంటరీల్లో గుండెకాయ మాట్లాడే ముఖం, వినే ముఖం. తరవాత కోబే నగరంలో నటనతో పరిచయం లేనివాళ్లను చేర్చి నడిపిన వర్క్‌షాప్‌లోంచి ‘హ్యాపీ అవర్’ (2015) అనే ఐదు గంటల పైచిలుకు సినిమా పుట్టింది. మామూలు మనుషులు ఒకరి మాట ఒకరు పూర్తిగా వింటే ముఖంలో ఏం జరుగుతుందో చూడటానికి అతను ఎంతసేపైనా ఆగుతాడు. పెద్ద స్టూడియోల లెక్కల్లో ఇమడని ఓపిక అది. అక్కడ పోగుచేసుకున్న ఆ ఓపికే ఇక్కడ పండింది.

కఫుకు రిహార్సల్ పద్ధతి కూడా నిజానికి హమగుచిదే. ఫ్రెంచి దర్శకుడు జాన్ రెన్వార్ నటుల్ని తయారుచేసే తీరు మీద వచ్చిన ఒక చిన్న డాక్యుమెంటరీ చూసి నేర్చుకున్నది. నటులంతా బల్ల చుట్టూ కూర్చుని స్క్రిప్ట్ చదవాలి, అంతే. గొంతులో కోపం వద్దు, ఏడుపు వద్దు, నటన అసలే వద్దు. వారాల తరబడి అదే చదువు. నటులకు విసుగొస్తుంది, చూస్తున్న మనకూ కొంచెం వస్తుంది. పైగా ఒక్కొక్కరిదీ ఒక్కో భాష. జపనీస్, చైనీస్, కొరియన్, ఫిలిప్పీన్స్ వాళ్ల తగలోగ్, ఇంకా ఎన్నో. ఎదుటివాడి మాట అర్థం కాదు, ఎక్కడ ముగుస్తుందో మాత్రం తెలియాలి. కాబట్టి వినాలి. అర్థం కానప్పుడు మనిషి ఎంత శ్రద్ధగా వింటాడో చూడాలంటే ఈ బల్ల దగ్గరికి రావాలి. ఒకే భాషలో ఇరవయ్యేళ్లు కాపురం చేసిన ఆలుమగలు ఒకరినుంచి ఒకరు విననిది, భాష కలవని ఈ నటులు వింటారు.

సోన్యా వేషం కట్టింది యూనా. వినగలదు, మాట్లాడలేదు, కొరియన్ సైగల భాషలో నటిస్తుంది. ఒక మధ్యాహ్నం పార్కులో చెట్ల కింద రిహార్సల్. చైనీస్ మాట్లాడే నటి, సైగలతో మాట్లాడే యూనా, ఇద్దరూ ఎలెనా, సోన్యాలుగా రాజీపడే దృశ్యం చేస్తారు. ఉన్నట్టుండి అక్కడ ఏదో జరుగుతుంది. వారాలపాటు చప్పగా చదివిన మాటలకు ఒక్కసారి ప్రాణం వస్తుంది. చేతులు కదులుతున్నాయి, కళ్లు చెమ్మగిల్లుతున్నాయి, ఎండ ఆకుల్లోంచి పడుతోంది. ఏం జరిగిందో సినిమా వివరించదు. ఆ విసుగంతా ఎందుకు భరించామో అప్పుడు తెలిసొస్తుంది.

యూనా ఇంట్లో భోజనం దృశ్యం ఇంకో వరం. ఆమె ఒకప్పుడు నాట్యం చేసేది. గర్భం నిలవక ఆగిపోయింది. ఆమె కోసం భర్త సైగల భాష నేర్చుకున్నాడు. కఫుకు దంపతులకు తగిలిన దెబ్బలాంటిదే వీళ్లకూ తగిలింది, కానీ వీళ్లు ఒకరి చేతులు ఒకరు చదువుకుంటూ నిలబడ్డారు. ఆ బల్ల దగ్గరే కఫుకు, మిసాకి డ్రైవింగ్‌ను మొదటిసారి నోరారా మెచ్చుకుంటాడు. పొగడ్త ఎలా పుచ్చుకోవాలో తెలియని ఆ పిల్ల కుర్చీ దిగి, నేలమీద కూర్చుని, ఆ ఇంటి కుక్కను నిమురుతుంది. సినిమాలో సంతోషం ఇంతే దొరుకుతుంది. ఇంతే అయినా సరిపోతుంది.

ఈ కథకు హిరోషిమా కుదిరింది కరోనా వల్ల. మొదట ఈ భాగాన్ని దక్షిణ కొరియాలోని బూసాన్‌లో తీయాలనుకున్నారు. వీలుకాక ఇటు వచ్చారు. వచ్చాక ఆ ఊరు కథలో ఎంతగా కలిసిపోయిందంటే, ఇది ఇంకెక్కడా జరగలేదనిపిస్తుంది. అణుబాంబు గురించి ఉపన్యాసం లేదు. ఉన్నదల్లా చెత్త కాల్చే కర్మాగారం. ఏదైనా ఒక చోటు చూపించమని కఫుకు అడిగితే మిసాకి అక్కడికి తీసుకెళ్తుంది. ఇల్లొదిలి వచ్చిన కొత్తలో ఆమె చెత్తలారీ నడిపింది. గాజు గోడ అవతల యంత్రం పంజా చెత్తను పైనుంచి వదులుతుంటే, అది మంచు కురిసినట్టుంటుందంటుంది. యోషియో తనిగుచి కట్టిన ఆ భవనం మధ్యలో ఒక ఖాళీ దారి వదిలాడు. బాంబు దెబ్బకు మొండిగోడలుగా మిగిలిన గుమ్మటం నుంచి శాంతి వనం మీదుగా సముద్రందాకా పోయే గీత ఆగకూడదని. లక్షమంది పోయిన ఊరు కూడా దుఃఖాన్ని పాతిపెట్టకుండా, దానికి దారి విడిచి బతుకుతోంది. మిసాకి ఆ సంగతి రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంటుంది. పక్కనున్న మనిషికి అది ఎంత దూరం తాకిందో మనమే ఊహించుకోవాలి.

వాన్యా వేషానికి కఫుకు ఎంచుకున్నది తకాత్సుకి అనే కుర్ర నటుణ్ణి. ఆ రోజు అద్దంలో కనపడ్డవాడు ఇతనే అని కఫుకు అనుమానం. పగ తీర్చుకోవడానికా, దగ్గరగా చూడటానికా? అతనికే తెలియదు. ఒక రాత్రి ఇద్దరూ కారు వెనక సీట్లో కూర్చుని ఉండగా, తకాత్సుకి ఆ బడిపిల్ల కథలో మిగిలిన సగం చెబుతాడు. భర్తకు చెప్పని ముగింపును ఒతో ఇతనికి చెప్పింది. నిమిషాల తరబడి కెమెరా అతని ముఖం మీదే, దాదాపు మన కళ్లలోకి చూస్తూ. ఎంత ప్రేమించినా ఇంకొకరి మనసు పూర్తిగా చూడలేమని, చూడాలంటే ముందు మన మనసే నిజాయితీగా చూసుకోవాలని అతను అంటాడు. శత్రువు నోట సత్యం వినాల్సి వచ్చిన భర్త ముఖం చూడండి. కఫుకుగా హిదెతోషి నిషిజిమా అక్కడ చేసిందంతా రెప్పల కదలిక. అయినా లోపల ఒక గోడ కూలుతున్నట్టు మనకు తెలుస్తుంది. తకాత్సుకి దిగిపోయాక కఫుకు మొదటిసారి ముందు సీట్లోకి, మిసాకి పక్కకు మారతాడు. ఇద్దరూ సిగరెట్లు వెలిగించి, పొగ లోపల నిలవకుండా పైకప్పు కిటికీలోంచి చేతులు బయటపెడతారు. చీకటి రోడ్డు మీద రెండు చేతులు, రెండు నిప్పురవ్వలు. స్నేహం అన్న మాట వాడకుండా స్నేహాన్ని ఇంతకంటే బాగా ఎవరూ తీయలేరు.

తరవాత తకాత్సుకి ఒక దాడి కేసులో అరెస్టవుతాడు. వాన్యాగా కఫుకు వేయాలి, లేదా నాటకం ఆపాలి. తేల్చుకోవడానికి రెండు రోజులు. నువ్వు పెరిగిన చోటికి తీసుకెళ్లు అంటాడు మిసాకితో. దక్షిణాన హిరోషిమా నుంచి ఉత్తరాన హొక్కైదో దాకా ప్రయాణం. దారిలో లెక్కలు బయటికొస్తాయి. కొండచరియ విరిగి ఇల్లు కూలినప్పుడు మిసాకి బయటపడింది కానీ, లోపలున్న తల్లికోసం వెనక్కి వెళ్లలేదు, ఎవర్నీ పిలవలేదు. ఆ మాటకు కఫుకు ఊరడింపు చెప్పడు. నీ తప్పేం లేదని చెప్పాలని ఉంది కానీ చెప్పలేను, నువ్వు తల్లిని చంపావు, నేను భార్యను చంపాను అన్నంత కటువుగా మాట్లాడతాడు. విచిత్రంగా ఆ కటువే ఆమెకు మందు. తప్పును తప్పుగా విన్న మనిషి ఆమెకు ఇన్నాళ్లకు దొరికాడు.

మంచులోకి అడుగుపెట్టగానే చప్పుళ్లన్నీ ఆగిపోతాయి. ఇంజిన్ లేదు, గాలి లేదు, సంగీతం లేదు. కాసేపు థియేటరంతా ఊపిరి బిగబడుతుంది. కూలిన ఇంటి ముందు మిసాకి ఒక మాట అంటుంది. ఒతో మీ మీద పెట్టుకున్న ప్రేమా నిజం, ఇతరుల్ని కోరుకోవడమూ నిజం, రెండూ ఒక్క మనిషిలోనే ఉన్నాయని ఒప్పుకోవడం మీకు కష్టమా అని. అప్పుడు కఫుకు ముఖం చెదురుతుంది. నాకు నొప్పి కలిగినప్పుడే నొప్పి పడి ఉండాల్సింది అని ఒప్పుకుంటాడు. ఆమెను చూడాలి, తిట్టాలి, వినకపోయినందుకు మన్నించమనాలి, తిరిగి రమ్మనాలి అంటాడు. ఆ వరసలో మన్నించడం లేదు, మన్నింపు అడగడమే ఉంది. మోసపోయినవాడు క్షమాపణ కోరతాడు. మూడు గంటల సినిమా ఇక్కడికి రావడానికే నడిచింది. తప్పొప్పుల తీర్పు ముగిశాక క్షమ రాదని, ఎదుటి మనిషిని ఉన్నదున్నట్టు విన్న రోజున అది తనంత తానే వచ్చి కూర్చుంటుందని నాకు ఇంత స్పష్టంగా చూపిన కళాకృతి అరుదు.

చివర రంగస్థలం మీద సోన్యా, వాన్యా. యూనా కఫుకు వెనక నిలబడి, అతన్ని చుట్టుకుని, అతని ముఖం ముందే చేతులు కదిలిస్తుంది. బతుకుదాం, పడాల్సింది పడదాం, పని చేద్దాం, ఆఖరికి విశ్రాంతి దొరుకుతుంది అన్న చెహోవ్ ఓదార్పు మాట లేకుండా, చప్పుడు లేకుండా, వేళ్ల కొసల్లోంచి వస్తుంది. చెవులతో వినడం నేర్చుకున్న మనిషి ఇప్పుడు కళ్లతో వింటున్నాడు. యూనాగా నటించిన పార్క్ యు-రిమ్ చేతులకు మించిన గొంతు ఆ ఏడాది ఏ తెర మీదా పలకలేదంటాను.

నటులందరికీ మొక్కాలి. మిసాకిగా టోకో మియురా బిగిసిన ముఖంలో ఎన్ని వాతావరణాలో! ఒతోగా రేకా కిరిషిమా, ఆ పాత్ర చచ్చిపోయాక కూడా, గొంతుతో సినిమా అంతా ఏలుతుంది. తకాత్సుకిగా మసాకి ఒకాడా మనం ద్వేషించాల్సినవాణ్ణి అర్థం చేసుకునేలా చేశాడు. హిదెతోషి షినోమియా కెమెరా ఎర్ర కారును ఊళ్ల మీద, వంతెనల మీద ఒక చుక్కలా నడిపిస్తే, ఏకో ఇషిబాషి సంగీతం ఎక్కడా దుఃఖాన్ని ముందుగా ప్రకటించదు. కాన్‌లో ఉత్తమ స్క్రీన్‌ప్లే బహుమతి వచ్చింది. 2022లో ఉత్తమ అంతర్జాతీయ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. ఉత్తమ చిత్రం విభాగంలో నామినేషన్ దక్కిన తొలి జపాన్ సినిమా కూడా ఇదే. కురొసావా, ఓజు పుట్టిన దేశానికి ఆ గౌరవం అంత ఆలస్యంగా రావడం ఆస్కార్ లోటు. వచ్చింది ఈ సినిమాతో కావడం మాత్రం న్యాయం.

కథ ముందే తెలిస్తే పాడయ్యే సినిమా కాదిది. అందుకే అంతా చెప్పేశాను. మూడు గంటల తీరిక చూసుకుని, ఫోన్ పక్కన పడేసి, ఏకబిగిన చూడండి. నెమ్మదిగా ఉందని మధ్యలో ముందుకు జరపకండి, అందులో ఉన్నదంతా ఆ నెమ్మదిలోనే ఉంది. ఒకవేళ ఇవాళే మీ ఇంట్లో ఎవరైనా మీతో కాస్త మాట్లాడాలని అని ఉంటే, సినిమా రేపు చూడొచ్చు. ముందు వెళ్లి ఆ మాట వినండి.